నాణెం గ్రేడింగ్: ఆ ప్లాస్టిక్ డబ్బా వల్ల రేటు నిజంగా పెరుగుతుందా?

ఈరోజు గ్రేడింగ్ గురించి మాట్లాడుకుందాం. నాకు నాణేల ఫోటోలు పంపేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "అన్నా, దీన్ని అమెరికా పంపించి గ్రేడింగ్ చేయిస్తే రేటు పెరుగుతుందా?" అని. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పేస్తే మీకు నష్టం చేసినవాణ్నవుతాను. కొన్ని నాణేలని ఆ డబ్బాలో లేకపోతే ఎవరూ అసలు రేటు పెట్టి కొనరు. కొన్నిటికి ఆ డబ్బా ఖర్చు నాణెం ఖరీదు కన్నా ఎక్కువ. మీ చేతిలో ఉన్నది ఈ రెండిట్లో ఏ రకమో ఫీజు కట్టకముందే తెలుసుకోవాలి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మీరు నాణెం పంపిస్తే ఆ కంపెనీలో నిపుణులు ఒకరి తర్వాత ఒకరు చూసి, ముందు అది అసలుదా నకిలీదా తేలుస్తారు. తర్వాత దాని స్థితికి ఒకటి నుంచి డెబ్బై లోపు ఒక అంకె వేస్తారు. ఆ అంకె, ఒక సర్టిఫికెట్ నంబరు ఉన్న చీటీ పెట్టి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నాణేన్ని సీలు చేసి వెనక్కి పంపిస్తారు. ఆ డబ్బాని స్లాబ్ అంటారు. మన ఇంటి మీద వేసే స్లాబు కాదండోయ్! ఈ రంగంలో పెద్దవి రెండు. పీసీజీఎస్ 1986లో పని మొదలుపెట్టింది, ఎన్జీసీ 1987లో వచ్చింది. రెండూ అమెరికావే.

అసలు ఈ డెబ్బై ఎక్కణ్నుంచి వచ్చింది? నూరు పెట్టొచ్చు కదా? 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా తొలినాళ్ల పెద్ద రాగి సెంట్ల మీద పుస్తకం రాశాడు. బాగా అరిగిపోయిన సెంటు ఒక డాలరు అయితే, అదే రకంలో మచ్చలేని సెంటు డెబ్బై డాలర్లు చేస్తుందని ఆయన లెక్క. అంటే ఆ అంకె మొదట్లో స్థితిని మాత్రమే కాదు, నేరుగా ధరనే చెప్పేది. ధరలు పెరిగేసరికి ఆ సూత్రం కొన్నాళ్లకే చెల్లకుండా పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ షెల్డన్‌గారే న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలో ఉన్న మంచి సెంట్లు తీసుకుని, వాటి చోట నాసిరకం సెంట్లు పెట్టేశాడని ఆయన పోయాక బయటపడింది. ఒక్క మెట్టు తేడాకి ఎంత విలువుందో ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అమెరికాలో ఎక్కువమంది దాచే నాణెం మోర్గాన్ డాలరు. 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ముద్రించారు. బరువు 26.73 గ్రాములు, తొంభై శాతం వెండి. వెయ్యేసి నాణేలు గుడ్డ సంచుల్లో పోసి ఖజానాల్లో పడేశారు. సంచులు ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా నాణేలు ఒకదానికొకటి కొట్టుకుని లిబర్టీ బొమ్మ బుగ్గ మీద గాట్లు పడ్డాయి. ఒక్కసారి కూడా చేతులు మారని నాణేనికి కూడా ఈ గాట్లు ఉంటాయి. అందుకే వాడకంలోకి రాని నాణేల్లో కూడా ఎంఎస్-60 నుంచి 70 దాకా పదకొండు మెట్లు పెట్టుకున్నారు.

ఇందులో రెండు నాణేలు తీసుకుందాం. రెండూ శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలవే, వెనక వైపు చిన్న ఎస్ అక్షరం ఉంటుంది. ఒకటి 1881ది, ఇంకోటి 1884ది.

1881 ఎస్ కోటీ ఇరవై ఏడు లక్షల పైచిలుకు ముద్రించారు. అచ్చు చక్కగా పడింది. సంచులు సంచులుగా ఖజానాలోనే ఉండిపోయి, 1960ల మొదట్లో ఖజానా వెండి డాలర్లు వదిలినప్పుడు కొత్తవి కొత్తగానే బయటికొచ్చాయి. దీంట్లో ఎంఎస్-63కి, ఎంఎస్-65కి తేడా సుమారు రెట్టింపు ఉంటుంది. 67కి వెళ్తే ఇంకొన్ని రెట్లు. 68 అంటే వేల డాలర్ల మాట. వెండి రేటుతో పాటు ఇవి కదులుతుంటాయి కాబట్టి కచ్చితమైన అంకెలు చెప్పను, మెట్ల మధ్య దూరం మాత్రం గమనించండి. మీ దగ్గరున్నది 63 స్థాయిదైతే, గ్రేడింగ్ ఫీజు, రానూపోనూ పోస్టేజీ, ఇన్సూరెన్సు కలిపేసరికి మిగిలేదేమీ ఉండదు. 67 స్థాయిదైతే పంపించకపోవడమే తెలివితక్కువ.

1884 ఎస్ ముప్పై రెండు లక్షలు ముద్రించారు. అదేం తక్కువ సంఖ్య కాదు. కానీ అవి జనం చేతుల్లోకి పోయి బాగా అరిగాయి. 1918లో పిట్‌మన్ చట్టం కింద ఇరవై ఏడు కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించినప్పుడు ఇవి ఎన్ని పోయాయో లెక్కే లేదు. ఫలితం ఏంటంటే, అరిగిన 1884 ఎస్ ఇప్పటికీ మామూలు మోర్గాన్ కన్నా కాస్త ఎక్కువకే దొరుకుతుంది. అదే అరగనిది ఎంఎస్-60 అయితే వేల డాలర్లు. 65 అయితే లక్ష డాలర్లు దాటిపోతుంది. ఇప్పుడు చెప్పండి, జుట్టు మీద, బుగ్గ మీద వెంట్రుకవాసి అరుగుదల ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద ఎంత డబ్బు వేలాడుతోందో! అమ్మేవాడు లేదంటాడు, కొనేవాడు ఉందంటాడు. 1980ల దాకా అమెరికాలో జరిగిన గొడవంతా ఇదే. డీలరు అమ్మేటప్పుడు 65 అనేవాడు, అదే నాణెం తిరిగి కొనాల్సి వచ్చేసరికి 63 అయిపోయేది.

ఇద్దరికీ సంబంధంలేని మూడోవాడొచ్చి అంకె వేసి, తప్పయితే పరిహారం నేనిస్తానని హామీ ఇచ్చాడు. అంతే, నాణేన్ని కళ్లతో చూడకుండానే ఫోన్లో కొనడం అమ్మడం మొదలైంది. నా ఉద్దేశంలో గ్రేడింగ్ కంపెనీ అమ్మేది ఇదే. అది నాణేనికి కొత్తగా విలువ తేదండీ, తగాదా తీరుస్తుంది. తగాదా ఎంత పెద్దదైతే ఆ తీర్పుకి అంత విలువ. 1884 ఎస్‌లో తగాదా లక్షల్లో ఉంది. రెండు వందల రూపాయల నాణెంలో తగాదా ఏముంటుంది చెప్పండి?

అయితే ఆ మూడోవాడూ మనిషేనండీ. కళ్లతో చూసి చెప్పేదే తప్ప తూకమేసి చెప్పేది కాదు. అదే నాణెం ఒకసారి 64 వస్తుంది, డబ్బా పగలగొట్టి మళ్లీ పంపిస్తే 65 వస్తుంది. దీన్నే వృత్తిగా పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లు పాత చీటీ వెనక్కి ఇవ్వకపోతే కంపెనీ జాబితాలో ఒకే నాణెం రెండు మూడు నాణేలుగా కనబడుతుంది. కాబట్టి ఏ గ్రేడులో ఎన్నున్నాయో చెప్పే పాపులేషన్ రిపోర్టుని వేదవాక్కులా తీసుకోకండి. ఈ నిలకడ విషయంలోనే 1990లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్ ప్రకటనల మీద అభ్యంతరం పెట్టింది. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మార్కెట్ నష్టాల నుంచి రక్షణ ఉండదని ప్రకటనల్లో చెప్పడానికి కంపెనీ ఒప్పుకుంది. అప్పటికే గ్రేడ్ అయిన నాణేలు షేర్లలాంటివని పెట్టుబడిదారులు ఎగబడి కొని, 1989లో ధరలు ఆకాశానికెత్తి, ఆ వెంటనే కుప్పకూలడం చూశారు. డబ్బాల మీద అంకెలు మారలేదు, ధరలు మాత్రం పడిపోయాయి.

ఇంకో తమాషా ఉంది. ఎన్జీసీ పెట్టిన జాన్ అల్బనీస్‌గారే 2007లో సీఏసీ అని ఇంకో కంపెనీ పెట్టారు. అది చేసే పనేంటి? గ్రేడ్ అయిన నాణేన్ని మళ్లీ చూసి, ఆ గ్రేడుకి అది గట్టిగా తూగుతుంది అనుకుంటే డబ్బా మీద చిన్న ఆకుపచ్చ స్టిక్కరు వేస్తారు. ఇంకా పై గ్రేడుకి తగినది అనుకుంటే బంగారు రంగు స్టిక్కరు. అంటే తీర్పు మీద తీర్పన్నమాట! ఆ స్టిక్కరున్న 65కీ, లేని 65కీ మార్కెట్లో ధర వేరుగా ఉంటుంది. అందుకే డబ్బాని కాదు, నాణేన్ని కొనమని పాతకాపులు చెబుతారు.

డెబ్బైల గురించి కూడా ఒక మాట. ఈ మధ్య ముద్రించిన అమెరికన్ సిల్వర్ ఈగిల్స్ ఎంఎస్-70 డబ్బాల్లో టీవీల్లో అమ్ముతుంటారు. కొత్త యంత్రాల మీద వచ్చిన నాణెం 69, 70 రావడం వింతేమీ కాదు. 69కి వెండి ధర మీద పెద్దగా రాదు. 70కి మొదట్లో బాగానే వస్తుంది, వేలకు వేలు 70లు బయటికొచ్చే కొద్దీ దిగిపోతుంది. చీటీ మీద ఫస్ట్ స్ట్రైక్ అని ఉంటే మొదట కొట్టిన నాణెమని మురిసిపోకండి. విడుదలైన మొదటి ముప్పై రోజుల్లో అందినది అని మాత్రమే దాని అర్థం.

సరే, ఇక మన దగ్గరికి వద్దాం. మన ఇళ్లల్లో ఉండేవి విక్టోరియా రూపాయలు, ఐదో జార్జి, ఆరో జార్జి రూపాయలు, హైదరాబాద్ వైపైతే నిజాంల చార్మినార్ రూపాయలు. వీటితో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, మన శుభ్రం. పండగొస్తే పూజకి పెట్టే ముందు వెండి రూపాయిని చింతపండు పెట్టో, విభూతి పెట్టో తళతళా తోమేస్తాం. టంకశాల నుంచి వచ్చిన నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే మెరుపు బండి చక్రంలా తిరుగుతుంది. తోమిన నాణెం అద్దంలా మెరుస్తుందే గానీ ఆ చక్రం తిరగదు, భూతద్దం పెడితే సన్నటి గీతలు కనిపిస్తాయి. గ్రేడింగ్‌కి పంపిస్తే దానికి అంకె రాదు. అసలుదే గానీ శుభ్రం చేసినది అని అర్థం వచ్చేలా డీటెయిల్స్ అనే మాట రాసి పంపిస్తారు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంటారు. ఇంకా తోమని నాణెం ఏదైనా ఉంటే, అది నల్లగా ఉన్నా సరే, దయచేసి ముట్టుకోకండి. ఆ నలుపుకి కూడా ఒక్కోసారి ధర ఉంటుంది.

రెండోది చట్టం. ఇది చాలామందికి తెలియదు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మన పురావస్తువులు, కళాసంపద చట్టం, 1972 ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అమ్మడానికి కాదు, గ్రేడింగ్ చేయించి వెనక్కి తెచ్చుకుంటాను అన్నా సరే, పంపడం పంపడమే. ఆరు నెలలకి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. 1911 ఐదో జార్జి రూపాయి తెలుసు కదా? రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవై, వెనక్కి తీసుకుని కరిగించినది. మంచి స్థితిలో ఉంటే గ్రేడింగ్‌కి తగిన నాణెమే. కానీ దానికి వందేళ్లు దాటాయి. అమెరికాలో చుట్టాలున్నారు, వచ్చినప్పుడు సూట్‌కేసులో పెట్టి పంపిద్దాం అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. నిజాం నాణేల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1337 అని ఉంటే అది 1918-19. అంటే అదీ వందేళ్లు దాటినదే. ఏటేటా ఈ గీత ముందుకు జరుగుతుంటుంది కూడా.

మరి వందేళ్లు నిండనివి? 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి సగం వెండి రూపాయలు, 1947 పులి బొమ్మ నికెల్ రూపాయి లాంటివి. వాడినవైతే పంపించడం దండగ. నాణేనికి ఇరవై ముప్పై డాలర్ల నుంచి మొదలయ్యే ఫీజు, పైన ఖర్చులు కలిపితే అసలు కన్నా కొసరు ఎక్కువైపోతుంది. చెయ్యి పడనిది, చక్రం తిరిగే మెరుపున్నది అయితే ఆలోచించొచ్చు. అలాంటప్పుడు కూడా ముందు వేలాల ఫలితాలు వెతకండి. అదే సంవత్సరం, అదే టంకశాల నాణెం అదే గ్రేడులో నిజంగా ఎంతకి అమ్ముడైందో చూడండి. ఎవరో అడుగుతున్న ధర చూసి లెక్క వేయొద్దు.

స్లాబ్‌లో ఉన్న నాణెం కొనేవాళ్లకి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు నాణేలకే కాదు, డబ్బాలకీ నకిలీలు వస్తున్నాయి. చీటీ మీదున్న నంబరు తీసుకుని ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టండి. సంవత్సరం, రకం, గ్రేడు సరిపోతే సరిపోదు, అసలు నాణెం నంబరునే నకిలీ డబ్బా మీద వేసేవాళ్లున్నారు. అక్కడ ఫోటో ఉంటే, ఆ ఫోటోలోని గాట్లు, మరకలు మీ చేతిలో ఉన్న నాణెం మీద అదే చోట ఉన్నాయా చూసుకోండి. ఇక పాత ఐదు రూపాయల బిళ్లకి పది లక్షలు ఇస్తాం, ముందు కమీషన్ కట్టండి అనేవాళ్ల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి, అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో మన నాణేల మీద సంవత్సరం కింద ఉండే నక్షత్రం, డైమండ్, చుక్క గుర్తుల గురించి చూద్దాం. నక్షత్రం మన హైదరాబాద్ టంకశాలదే. ఈలోపు మీ దగ్గరున్న చిల్లర ఒకసారి తిరగేసి చూడండి. ఉంటానండీ.