శిశువుల నాలుక క్రింది నీటితిత్తి



1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ వెలసినది మొదలు మన పల్లెల బిడ్డలు హైదరాబాదు హైటెక్ సిటీలో కొలువులు చేయుచున్నారు. అయినను తొలికాన్పునకు మన కూతుండ్రు పుట్టినింటికి వచ్చు నాచారము నిలిచియే యున్నది. కావున నీ సంగతి పెద్దలకు విన్నవించుచున్నాను.

కొందఱు శిశువులకు పుట్టుకతోడనే నాలుక క్రింద నీటిబుగ్గవంటి తిత్తి యుండును. లాలాజలము వచ్చు సన్నని నాళము మూసికొనిపోవుటచే నది యేర్పడవచ్చును. ఆంగ్లవైద్యులు దానిని 'రాన్యులా' యందురు. లాటిను భాషలో చిన్నకప్ప యని యర్థము. సుశ్రుతసంహితయందును నాలుకను పైకెత్తు వాపు 'ఉపజిహ్విక' యను పేరున చెప్పబడినది. మఱికొన్ని తిత్తులు పిండము రూపొందునపుడు చర్మపుపొర లోపల చిక్కుకొనుటవలన గలుగును. ఇది గ్రహణదోషము గాదు. తల్లి తప్పును గాదు.

చిన్నతిత్తి యొకప్పుడు తానే యణగును. పెద్దదైనచో పాలు కుడువనీయదు, ఊపిరి నడ్డగించును. శిశువు గురగురలాడినను, పెదవులు నీలమైనను, ప్రక్కకు పరుండబెట్టి వెంటనే యాసుపత్రికి గొనిపోవలయును. ఇంట సూదితో గ్రుచ్చరాదు. నెత్తురు ఊపిరిత్రోవకు జారును, తిత్తి మరల నిండును. వైద్యులు దానిని తెఱచియో తొలగించియో నయము చేయుదురు. హైదరాబాదున 1953లో వెలసిన నిలోఫరు ఆసుపత్రి పసివారి చికిత్సకు ప్రసిద్ధము.

కొన్ని తిత్తులు గర్భమందే స్కానింగున గనబడును. అట్లయినచో కూతును పల్లెకు రప్పింపక, నగరమందలి పెద్దాసుపత్రిలోనే కాన్పు చేయింపుడు. మనమే యచ్చటికి పోవుదము. పుట్టినింటి మర్యాదకంటె పసికందు ఊపిరి పెద్దది.