కొబ్బరిచెట్ల దిష్టి మాట – విశ్వాసి నాలుక



సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతీ శుభాలూ కలుగుగాక.

2025 నవంబరు 26న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు మన రాజోలు నియోజకవర్గానికి విచ్చేసి, కేశనపల్లిలో మోడువారిన కొబ్బరిచెట్లను చూశారు. అక్కడి రైతుల బాధ మనకు కొత్తది కాదు. శంకరగుప్తం డ్రెయిను గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని తోటల్లో నిలుస్తోంది. ఏళ్ళ తరబడి కాపు ఇచ్చిన చెట్టు తల రాలి మొండెంగా మిగులుతోంది. కోనసీమ పచ్చదనాన్ని గూర్చి తెలంగాణ నాయకులు తరచూ చెప్పుకునేవారనీ, ఆ దిష్టి ఈ చెట్లకు తగిలిందనీ అర్థం వచ్చేలా ఆయన ఆ పర్యటనలో ఒక మాట అన్నారు. కొద్ది క్షణాల ఆ మాట వీడియో ముక్కయి ఊరూరా తిరిగింది. తెలంగాణ మంత్రులు క్షమాపణ కోరారు. ఆయన సినిమాలను తమ రాష్ట్రంలో ఆడనివ్వబోమన్న హెచ్చరిక కూడా వచ్చింది. ఆయన మాటలను వక్రీకరించవద్దని డిసెంబరు మొదట్లో జనసేన పార్టీ ప్రకటన ఇచ్చింది.

మింబరుపై నిలిచి ఏదో ఒక పార్టీ పక్షం వహించటం మా పని కాదు. అయితే ఈ వివాదం మన ఇళ్ళలోకి కూడా వచ్చింది. మన పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాదు వెళ్తున్నారు. ఆ వైపు మనకు వియ్యాలున్నాయి. వలీమా విందులో ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చున్నవారే వాట్సాప్‌లో 'మీవాళ్ళు', 'మావాళ్ళు' అని ఒకరినొకరు తూలనాడుకున్నారు. కనుకనే ఈ శుక్రవారం దీనిని ప్రస్తావిస్తున్నాము.

ముందుగా దిష్టి సంగతి. నజర్ అనేది వాస్తవమేనని దైవప్రవక్త (స) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఆ హదీసు ఉంది. హజ్రత్ సహల్ బిన్ హునైఫ్ (రజి) స్నానం చేస్తుండగా హజ్రత్ ఆమిర్ బిన్ రబీఅహ్ (రజి) ఆయన మేనిచాయను చూసి మెచ్చుకున్నారు. సహల్ అక్కడికక్కడే కూలిపోయారు. దైవప్రవక్త (స) ఆమిర్‌ను మందలించి, సోదరునిలో నచ్చినది కనబడినపుడు అతనికి శుభం కలగాలని ఎందుకు ప్రార్థించలేదని అడిగారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ మాట అన్నది ఎవరో అందరికీ తెలుసు, విన్నవారున్నారు, పేరు చెప్పి విచారించారు. ఎవరి కన్ను సోకిందో తెలియకుండా ఒక ప్రాంతం వారందరి మీద ఆ నింద మోపటానికి ఈ హదీసులో ఎంతమాత్రం చోటు లేదు. (దుకాణం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకున్న మన సోదరులు కూడా ఈ సందర్భంగా ఒకసారి ఆలోచించాలి.)

సూరా కహఫ్‌లో రెండు తోటల యజమాని గాథ ఉంది. ద్రాక్షతోటలు, వాటి చుట్టూ ఖర్జూరపు చెట్ల వరుస, నడుమ పారే కాలువ. మన లంకల తోటలను చూసినవారికి ఆ దృశ్యం కళ్ళకు కడుతుంది. ఆ తోట ఎవరి కంటి వల్లా పోలేదు. ఇది ఎన్నటికీ నశించదని విర్రవీగిన యజమాని పొగరు వల్ల పోయింది. తోటలో అడుగుపెట్టినపుడు మాషా అల్లాహ్ అని ఉండవలసిందని అతని స్నేహితుడు ముందే హితవు చెప్పాడు.

ఇక మాట అన్నవారి సంగతి. ఒక జాతి మరొక జాతిని పరిహసించరాదని సూరా హుజురాత్ 11వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. అభిమానంతో అన్నా, సరదాకు అన్నా, ఒక ప్రజ పేరెత్తి అన్న మాట ఆ ప్రజకు ములుకులా తగులుతుంది. లక్షలమంది చెవులు తనవైపు ఉన్నవారు, వారు నటులైనా నాయకులైనా, అంతకంత జాగ్రత్త పడాలి. వారికి బుద్ధి చెప్పటానికి వారి పెద్దలున్నారు. మనం చూసుకోవలసింది మన చేతిలోని ఫోన్.

వార్త వచ్చినపుడు నిజానిజాలు తేల్చుకోమని అదే సూరా 6వ ఆయతు చెబుతోంది. విన్నదంతా చెప్పుకుంటూ పోవటమే మనిషి అబద్ధీకుడు కావటానికి చాలునని హదీసు. తల్లి ఆయిషా (రజి)పై అపనింద పుట్టించినవాడు కపట విశ్వాసి. దానిని చేరవేసినవారిలో మాత్రం బద్ర్ యుద్ధంలో పాల్గొన్న మిస్తహ్ (రజి) ఉన్నారు. ఆయన కల్పించలేదు, విన్నది అన్నారు, అంతే. అయినా శిక్ష తప్పలేదు. ఈనాటి భాషలో చెప్పాలంటే ఆయన చేసింది ఫార్వర్డ్.

దాని ఫలితం ఎంతవరకు పోగలదో అమలాపురం చూసింది. 2022 మే 24న జిల్లా పేరు మీద రేగిన ఆందోళనలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగులబడ్డాయి. జనాన్ని కూడగట్టిన సందేశాలు ఫోన్లలోనే నడిచాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎందరో కుర్రవాళ్ళు కేసుల్లో చిక్కుకున్నారు.

అదే ఏడు ఆగస్టులో గోషామహల్ శాసనసభ్యుడు రాజా సింగ్ మన ప్రవక్త (స)ను గూర్చి అవమానకరంగా మాట్లాడిన వీడియో వెలువడింది. పోలీసులు అరెస్టు చేశారు, ఆయన పార్టీ సస్పెండ్ చేసింది, వీడియోను తొలగించారు. మన గుండెలు మండిన మాట నిజం. అయితే 'చూడండి, ఎంత మాట అన్నాడో' అంటూ ఆ వీడియోను మన గ్రూపుల్లో పంచినవారు మనవారే. అల్లాహ్ వాక్యాలను పరిహసించే సభలో కూర్చోవద్దని సూరా నిసా 140వ ఆయతు ఆదేశిస్తుండగా, మనం ఆ సభను మోసుకొచ్చి తల్లుల ముందు, పిల్లల ముందు పరిచాము. ఫిర్యాదు చేయదలచినవారు ఆధారాన్ని పోలీసులకు ఇవ్వాలి, గ్రూపుకు కాదు. ఇతరులు కొలిచేవాటిని దూషించరాదని సూరా అన్ఆమ్ 108వ ఆయతు మనకు విధించిన హద్దు కూడా ఉంది. బదులు తీర్చుకునే ఆవేశంలో యువకులు దానిని దాటుతున్నారు.

మిస్తహ్ కథ శిక్షతో ముగియలేదు. ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి) బంధువు, పేదవారు, ఆయన ఇచ్చే సాయంతో బతికేవారు. తన కుమార్తెను నిందించినవానికి ఇక ఏమీ ఇవ్వనని అబూబక్ర్ ప్రమాణం చేశారు. అప్పుడు సూరా నూర్ 22వ ఆయతు దిగింది. అల్లాహ్ క్షమాపణను కోరుకునేవారు తామూ క్షమించాలని బోధించింది. అబూబక్ర్ ఆ సాయాన్ని తిరిగి మొదలుపెట్టారు. ఈ వివాదంలో మాటా మాటా అనుకుని గ్రూపుల నుండి వైదొలగిన బంధువులు మనలో ఉన్నారు. ఈ రాత్రి ఇషా తర్వాత వారికి ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, గొంతు వినిపించండి.

ఇంత గొడవలో ఉప్పునీటి మాట వెనకబడింది. డ్రెయిను అక్కడే ఉంది, చెట్లూ అక్కడే ఉన్నాయి. ఓ అల్లాహ్! కేశనపల్లి, శంకరగుప్తం రైతుల నేల నుండి ఆ ఉప్పును తొలగించు. వారి తోటలకు తిరిగి కాపు ప్రసాదించు. గోదావరికి ఆవల ఉన్న మా సోదరుల పొలాలకూ శుభం కలిగించు. ఆమీన్.