పని మనది, పర్మిట్ ఎవరిది?

(ఖమ్మంలో కరెంటు పనివాళ్ళ సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)



ఇక్కడ కూచున్నోళ్ళలో చాలామంది చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు దిక్కు నుంచి బస్సెక్కి వచ్చి ఖమ్మంలో కరెంటు పని చేసేవాళ్ళే. గోడకు గాడి కొట్టేది మనం. పైపులు వేసేది, వైర్లు లాగేది, బోర్డులు బిగించేది మనం. ఇల్లు వెలిగిననాడు కాయితం మీద సంతకం పెట్టేది వేరొకరు. ఇయ్యాల ఆ కాయితం సంగతే మాట్లాడుకుందాం.

1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులో 45వ రూలు ఉండేది. కొత్త వైరింగు చెయ్యాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా మార్చాలన్నా ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కావాలి. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. పనిచేసే మనిషికి పర్మిట్ ఉండాలి. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. దాని కింద 2010లో ఒకసారి, 2023లో ఇంకోసారి భద్రతా నిబంధనలు తిరగరాశారు. రూలు నెంబరు మారింది గానీ మూడు కాయితాల మాట మారలేదు. ఇంట్లో బల్బు, ఫ్యాను, స్విచ్చి, ఫ్యూజు మార్చడానికి ఇవేవీ అక్కర్లేదు. ఒక్క గదికి కొత్తగా లైను లాగాలంటే మాత్రం కావాలి.

రూలు చెడ్డదని మనం అనటంలేదు. కరెంటుతో ఆటలాడితే పోయేది మన ప్రాణమే, నేర్చినోళ్ళే చెయ్యాలనటం న్యాయమే. మన పేచీ వేరు. మూడింట్లో రెండు కాయితాలు కాంట్రాక్టరు బీరువాలో భద్రంగా ఉంటయి. మన చేతిలో ఉండాల్సిన మూడోదే ఉండదు.

మా వాడ పిల్లగాడొకడు ఇదే ఊళ్ళో మూడో అంతస్తులో పనిచేస్తూ షాకు కొట్టి పడ్డాడు. కుడిచెయ్యి తీసేశారు. కాంట్రాక్టరును అడగబోతే ఏమన్నాడు? "పర్మిట్ లేనోణ్ణి నేనెందుకు పెట్టుకుంట? వాడు మా మనిషే కాదు" అన్నాడు. చూడండి అన్యాయం! పర్మిట్ లేదనే కదా సగం కూలికి పెట్టుకున్నది. పిల్లగాడు పడంగనే ఆ మాటే అడ్డం పెట్టుకున్నాడు. మేం కూడా అప్పుడు నోరు మూసుకొని తిరిగొచ్చాం. ఆ తర్వాత గదా తెలిసింది, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం అడిగే హక్కు 1923 చట్టం నాటి నుంచీ ఉన్నదని. అక్కడ తేలాల్సింది కూలి ఎవరిచ్చారు, పనిమీద ఉండగా దెబ్బ తగిలిందా అన్నది. పర్మిట్ లేదన్న ఒక్కమాటతో ఆ హక్కు పోదు. కరెంటు ప్రమాదం జరిగితే 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజెయ్యాలన్న నిబంధన కూడా ఉంది. అందుకే హాజరు ఎవరు రాస్తున్నారో చూసుకోండి. కూలి ఫోనులో వేస్తే ఆ మెసేజీలు చెరపకండి.

ఊళ్ళల్లో ఇంకో తీరు. ట్రాన్స్‌ఫారం ఫ్యూజు కొట్టేస్తే ఆసామి లైన్‌మన్ కోసం ఆగడు, వాడకు కబురు పంపుతాడు. "నువ్వైతే ఎక్కుతవురా" అంటాడు. ఇంట్లో ఫ్యూజుకిచ్చిన మినహాయింపు ట్రాన్స్‌ఫారానికి లేదు. లైన్ క్లియర్ ఎవరు తీసుకున్నారని అడగండి. జవాబు రాకపోతే ఎక్కకండి. చేను ఎండుతదని బతిమాలినా సరే.

పాల్వంచలో 1966 నుంచి కరెంటు పుడుతున్నది, కిన్నెరసాని నీళ్ళతో, సింగరేణి బొగ్గుతో. అంతకు ముందే, 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న బాబాసాహెబ్ చేతిలో విద్యుత్తు వ్యవహారం కూడా ఉండేది. 1944లో సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు పెట్టింది ఆయన హయాంలోనే. ఆయన విగ్రహానికి దండ వేసే మన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక చెయ్యాల్సింది. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతి కావాలి, వైర్‌మన్ ట్రేడుకు ఎనిమిదో తరగతి చాలు. రెండూ రెండేండ్ల చదువే. ఎనిమిదితో బడి మానేసిన పిల్లలు మన వాడల్లో ఎందరున్నారో మీకే తెలుసు, వాళ్ళను పంపండి. ఐటిఐ అయిపోయినా రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోనోళ్ళు వచ్చే సమావేశానికి సర్టిఫికెట్లు, జిరాక్సులు పట్టుకొని రండి. ఇక్కడే కూచొని నింపుదాం. సర్టిఫికెట్లు కాంట్రాక్టరు దగ్గర తాకట్టు పెట్టినట్టు పెట్టినోళ్ళుంటే ఆగి మాకు చెప్పండి. ఒక్కరే పోవద్దు, పదిమందిమి కలిసి పోయి తెచ్చుకుందాం.