బడి ఖర్చుకు మనమిచ్చే పైకం ఏ దారిన పోతున్నది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూలో పాఠాలు చెప్పుకొనేవాళ్లం. తెలుగులో ఉపన్యాసమంటే కొంచెం తడబాటే. తప్పులుంటే మన్నించండి. మాట్లాడబోయేది లెక్కల సంగతి గనుక భాష అంతగా అడ్డం రాదనుకుంటున్నాము.

"సర్కారు బడి ఉచితం గదా సార్, మళ్లీ ఖర్చేముంది?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఉచితమంటే ఫీజు లేదని మాత్రమే. సుద్దముక్కకూ, కరెంటు బిల్లుకూ ఎవరో ఒకరు పైకం కట్టవలసిందే. ఆ కట్టేది మనమే. పన్నుల రూపంలో కడుతున్నాము, రసీదు చదవడం లేదు.

మన కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1920లో, ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. మునిసిపాలిటీలు, తాలూకా బోర్డులు బడుల కోసం విద్యాపన్ను వేసుకోవచ్చునని, అట్లా వసూలైన దానికి తగ్గకుండా ప్రభుత్వమూ ఇవ్వాలని అందులో ఉండేది. నువ్వు రూపాయి వేస్తే నేనూ రూపాయి వేస్తానన్నాడు సర్కారువాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! అయితే పన్ను దేని మీద పడాలి? ఇండ్ల మీద, భూమి మీద. కె.సి. కాలువ కింది ఊళ్లను వదిలేస్తే మనది మెట్ట సేద్యం. శిస్తే తక్కువ, వాన తప్పిన ఏడు అదీ మాఫీ. శిస్తు లేనప్పుడు దాని మీద సెస్సు యాడ నుంచి వస్తుంది? కృష్ణా, గోదావరి కాలువల కింద వెయ్యి వసూలైతే సర్కారు వెయ్యి కలిపేది, మన దగ్గర నూరు వసూలైతే నూరే. చట్టం అందరికీ ఒక్కటే, కరువు మాత్రం అందరికీ ఒక్కటి కాదు గదా.

తర్వాత 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. 1982లో రాష్ట్ర విద్యా చట్టం, 1994లో పంచాయతీరాజ్ చట్టం. అయ్యవార్ల జీతాలు ఇప్పుడు రాష్ట్ర ఖజానా నుంచే వస్తున్నాయి. ఆ మాట ఒప్పుకోవాలి. జీతాలు పోను మిగిలిన ఖర్చుల గురించే మా బాధ.

ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నామని మనలో ఎంతమందికి తెలుసు? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యేది అది. ఇప్పుడు పన్ను రూపాయికి 8 పైసలు. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. వసూలు చేసుకొని జమ చేయకుండా బకాయి పెట్టిన స్థానిక సంస్థలు రాష్ట్రంలో చాలానే ఉన్నాయి. ఒక పేరు చెప్పి వసూలు చేసిన పైకం ఆ పనికే చేరిందని నమ్మి ఊరుకోరాదు.

ఢిల్లీ సెస్సు మరొకటి. 2004లో నూటికి 2, 2007లో ఇంకొక 1; 2018 నుంచి ఆరోగ్యం, విద్య కలిపి 4. మా ఆదాయపు పన్నులోనూ కోత పడుతున్నది. సెస్సులో రాష్ట్రాలకు వాటా లేదు. బడులకు సమగ్ర శిక్ష కింద కేంద్రం 60 పాళ్లిస్తే రాష్ట్రం 40 పాళ్లు కలపాలి. రాష్ట్రం వాటా ఆలస్యమైతే పైనుంచి రావలసిన కిస్తు కూడా ఆగుతుంది. 1920 నాటి కథే మళ్లీ.

అందులో బడికి చేరే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపైతే సంవత్సరానికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 దాకా 25,000. మేము పనిచేసిన ఒక ఉర్దూ బడిలో 32 మంది ఉండేవారు. ఒకాయన కువైట్ పోయాడు. ఆయన భార్య ఇద్దరు పిల్లలను తీసుకొని పుట్టింటికి పోయింది. ఇంకో ఇద్దరు ఇంగ్లీషు కాన్వెంటులో చేరారు. 28 అయ్యారు. నలుగురు పోయినందుకు 15,000 పోయింది. ఫ్యాను తిరగడం తగ్గిందా? కప్పు కారడం తగ్గిందా? వచ్చిన 10,000లో పదో వంతు పారిశుద్ధ్యానికే పెట్టాలి. ఆ ఏడు రిజిస్టర్లు మా జేబు డబ్బుతోనే కొన్నాము. గొప్పకు చెప్పడం లేదు, మా తోటి అయ్యవార్లు చాలామంది చేసేది అదే.

2025లో తల్లికి వందనం కింద తల్లుల ఖాతాలో 13,000 పడింది. పథకం 15,000ది, తక్కిన 2,000 బడి నిర్వహణకు అట్టిపెట్టారు. అంతకుముందు అమ్మఒడిలోనూ ఇట్లాగే కోత ఉండేది. అమ్మలారా, ఆ 2,000 మీ పిల్లల పైకమే. మీ బడికి ఎంత చేరింది, దేనికి పెట్టారు అని అడిగే హక్కు మీకుంది.

సంఘం నిధి నుంచి బడి కరెంటు బిల్లు కడదామని కొందరు మిత్రులన్నారు. మంచి మనసుతో అన్న మాటే, అయినా మేము ఒప్పుకోలేదు. ఒకసారి మనం కడితే ఆ బిల్లు మన నెత్తినే నిలుస్తుంది. పన్నూ మనమే కట్టి చందా కూడా మనమే వేయడమేమిటి? జకాతు సొమ్ముకు హక్కుదారులు వేరే ఉన్నారు. మన చందాలు నోటు పుస్తకాలకు, పదో తరగతి పిల్లల రాత్రి చదువుకు పోనీయండి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. గ్రాంటు ఎట్లా ఖర్చయిందో చూడడం ఆ కమిటీ పని. మన దగ్గర జరిగేదేమిటి? తీర్మానం తెలుగులో రాస్తారు, మన తల్లులు ఉర్దూ చదువుకున్నవారు, వేలు పెట్టి చూపిన చోట సంతకం చేసి వస్తారు. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష చేశారు. కాబట్టి తీర్మానం ఉర్దూలో కూడా కావాలని అడగండి, సంకోచం వద్దు.

వచ్చే శుక్రవారం జుమా నమాజు తర్వాత మేము, మా తోటి అయ్యవార్లు ఇద్దరు సంఘం గదిలో కూర్చుంటాము. కమిటీలో ఉన్న తల్లులు తీర్మానాల నకలు తెస్తే ఉర్దూలో చదివి వినిపిస్తాము. వచ్చేటప్పుడు ఇంటిపన్ను రసీదులు కూడా తీసుకొని రండి. బడి మానేసిన పిల్లల పేర్లు మీ వీధిలో ఎవరికి తెలిస్తే వారు చీటీ మీద రాసి తెండి. మా బడికి 31 కావడానికి ఇంకా ముగ్గురు కావాలి.