నాలుగు గోడల నుండి నలుగురి మధ్యకు



నాలుగు వందల ఏళ్లనాటి నాటకాలు చదివిన పండితుడికి నేటి లోకంతో పనేమిటని మీకెప్పుడైనా అనిపించిందా? ఈ ప్రశ్నకు జేమ్స్ షపిరోగారి జీవితం ఒక సమాధానం.

ఆయన 1955లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. బడిలో పాఠంగా చదివిన షేక్‌స్పియర్ ఆయనకు రుచించలేదు. లండన్ వెళ్లి, తక్కువ టికెట్టుకు నాటకాల మీద నాటకాలు చూశాకే ఆ రుచి తెలిసింది. 1985లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. షేక్‌స్పియర్ జీవితంలో 1599 అనే ఒక్క ఏడాదినే తీసుకొని, సామాన్య పాఠకులకూ అర్థమయ్యేలా 2005లో ఒక గ్రంథం వెలువరించారు. గ్లోబ్ నాటకశాల కట్టిన సంవత్సరం, ‘జూలియస్ సీజర్’ రాసిన సంవత్సరం అదే. 2006లో ఆ గ్రంథానికి శామ్యూల్ జాన్సన్ బహుమతి లభించింది.

అయితే ఆయన గ్రంథాలతో ఆగలేదు. న్యూయార్కులోని పబ్లిక్ థియేటర్‌కు షేక్‌స్పియర్ సలహాదారు అయ్యారు. ఆ సంస్థ సెంట్రల్ పార్కులో ఉచితంగా నాటకాలు ఆడుతుంది. జైళ్లకూ, నిలువ నీడ లేనివారి వసతి గృహాలకూ నాటకాన్ని తీసుకువెళుతుంది.

2017లో ఆ పార్కులోనే పెద్ద వివాదం రేగింది. సీజరు పాత్రను అప్పటి అధ్యక్షుడు ట్రంప్ పోలికలతో చూపారు. అధ్యక్షుని హత్యను సమర్థిస్తున్నారని కొందరు మండిపడ్డారు. రెండు పెద్ద కంపెనీలు విరాళం మానుకున్నాయి. ప్రదర్శన జరుగుతుండగా నిరసనకారులు రంగస్థలం మీదికి వచ్చారు. నిజానికి ఆ నాటకం చెప్పేది వేరు. హత్య చేసినవారు ఏ గణతంత్రాన్ని కాపాడదలచారో, ఆ హత్యతో అదే కూలిపోతుంది. చూడకుండానే తీర్పు చెప్పేవారికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

షపిరోగారు ఆ రగడను తిట్లతో ఎదుర్కోలేదు. చరిత్ర తవ్వారు. 2020లో వచ్చిన ఆయన గ్రంథంలో 1849 నాటి న్యూయార్కు అల్లర్లున్నాయి. ‘మాక్‌బెత్’ ఆడే ఇద్దరు నటుల పోటీ ముదిరి, ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తర్వాత అధ్యక్షుడైన గ్రాంట్, 1845లో సైనిక శిబిరంలో డెస్డిమోనా వేషానికి రిహార్సలు చేసిన ముచ్చటా ఉంది. తోటి అధికారి తర్వాతెప్పుడో చెప్పబట్టే ఆ సంగతి మిగిలింది.

బళ్లారి శ్రోతలకు ఇది పరాయి కథ కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు విషాదాంత నాటకాన్ని తెలుగుకు అలవాటు చేసిందీ, రాఘవగారు షేక్‌స్పియర్ పాత్రలు ధరించిందీ మీ గడ్డ మీదివారుగానే. మీ ఊళ్లో ముఖానికి రంగు వేసుకున్న పెద్దలు ఇంకా ఉంటే, వారి పక్కన కూర్చోండి. ఏ నాటకం, ఏ ఏడు, ఎవరు ఏ వేషం కట్టారు, జనం ఏమన్నారు, అన్నీ అడిగి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. రేపటి పండితుడికి అదే ఆధారం.

సెలవు.