పత్తిపువ్వును ప్రశ్నించుట
(పిడుగురాళ్ల వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



వ్యాకరణము చెప్పి బ్రతికిన నావంటివాడు రసాయనశాస్త్రమును గూర్చి ప్రసంగింప పూనుట కొందఱికి సాహసముగా తోపవచ్చును. దీనికి కారణము ఒక బాలుని ప్రశ్న. చాల యేండ్ల క్రిందట నేను పాఠము చెప్పుచుండగా, సున్నపుబట్టీలో పనిచేయువాని కుమారుడొకడు లేచి, “మాస్టారూ! పసుపులో సున్నం కలిపితే ఎఱ్ఱబడుతుందెందుకండీ?” అని యడిగెను. “అది దాని స్వభావము, కూర్చుండుము” అంటిని. వాడు కూర్చుండెను. మరల నన్నెన్నడును ఏమియు నడుగలేదు.

తర్కము చదివిన నాకు సమాధానమును వెదకు దారి తెలియకపోలేదు. అన్వయవ్యతిరేకములను ముప్పదియేండ్లు వల్లించితిని గాని, వానిని చిటికెడు పసుపుపై ప్రయోగించి చూడవలెనని తోపలేదు. నీరు మాత్రమే కలిపిన పసుపు ఎఱ్ఱబడదు. సున్నపునీరు కలిపిన ఎఱ్ఱబడును. కావున సున్నమే కారణమందుము. అంతటితో నిలిచితిమా, పొరపడితిమి. చాకలిసోడా కలిపినను ఎఱ్ఱబడును. అందు సున్నము లేదు గదా! సున్నమునకును సోడాకును సమానమైన క్షారగుణమే కారణమని అప్పుడు తేలును. నిమ్మరసము చాలినంత పిండిన మరల పచ్చనగును. పసుపులోని కర్కుమిన్ అను పదార్థమునుండి క్షారము హైడ్రోజను అయానును లాగికొనుటచే రంగు మాఱును; ఆమ్లము దానిని తిరిగి యిచ్చును. ఇందులకు కావలసినవి నాలుగు గిన్నెలు, అరగంట కాలము. (సున్నము కంట బడిన ప్రమాదము, ఉపాధ్యాయుడు దగ్గఱ నుండి తీరవలయును.)

ఇక పత్తిని గూర్చి. మన పల్నాటివారికి పత్తి యనిన కాయ, దూది, ధర. పువ్వును చూచుటకు తీరిక యెవరికి? చూచినవారు వాల్తేరులో నుండిరి. 1930వ దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రాచార్యులైన తిరువేంగడ రాజేంద్ర శేషాద్రిగారు, నీలకంఠముగారితో గూడి పత్తిపూల రంగులను పరిశోధించిరి. శేషాద్రిగారు 1900వ సంవత్సరమున తమిళదేశమున జన్మించి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ పండితునియొద్ద పరిశోధన నేర్చినవారు. గాసిపెటిన్ అను పచ్చని పదార్థమును ఆంగ్లదేశమున పెర్కిన్ అను శాస్త్రజ్ఞుడు అంతకుముందే కనుగొనియుండెను. 15 కర్బన, 10 హైడ్రోజను, 8 ఆక్సిజను పరమాణువుల కూర్పు అది. ఐనను మనదేశపు పత్తిజాతుల పూలలో ఏయే రంగులున్నవో, ఏ రూపమున నున్నవో వేఱువేఱుగా పరీక్షించి చూచుట వాల్తేరు వారి పని. పూరేకులను ఆల్కహాలుతో వేడిచేసి, సారమును వడగట్టి, ఇగిర్చి, స్ఫటికములు కట్టువఱకు కాచుకొనియుండుట! ఈ పనికి బంగారము కంటె ఓర్పు ఎక్కువ కావలయును. ద్వితీయ ప్రపంచయుద్ధకాలమున విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలవలసివచ్చినను ఆయన పరిశోధనావ్రతము ఆగలేదు. 1949లో ఢిల్లీకి వెళ్లిరి, 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము పొందిరి, 1975లో కీర్తిశేషులైరి.

మన చేలలో నేడు విస్తారముగా పండు అమెరికాజాతి పత్తిపువ్వు మొదటినాడు మీగడవన్నెతో విచ్చి, మఱునాటికి గులాబివన్నె తాల్చును. ఆంథోసయనిన్ అను రంగు రేకులలో పేరుకొనుటయే ఇందులకు కారణము. ఈ మార్పును కూలికి పోవు ప్రతి తల్లియు ఎఱుగును. విద్యార్థులలో దానిని పుస్తకమున వ్రాసికొన్నవారెందఱు? ఒక పువ్వుకు నల్లకాగితము చుట్టి, ప్రక్కపువ్వును ఎండకు వదలి, రెండును ఒక్కతీరుగ ఎఱ్ఱబడునా యని చూచినవారెందఱు? ప్రశ్నపత్రములో ఆంథోసయనిన్ అను మాట నడిగిన నూటికి నూఱు మార్కులు తెచ్చుకొను పిల్లలు మనకు గలరు. వారిని నేను నిందింపను. వారి మాస్టారు ఎట్టివాడో ఇంతకుముందే చెప్పితిని.

నేనెఱిగిన యొక పాఠశాలలో ప్రయోగశాల బీరువాకు తాళము. పరీక్షనాళికలు పగులునని భయము! పగులకున్న అవి యెందులకు? మన సంఘము ఏటేట అధికమార్కులు తెచ్చుకొన్నవారికి బంగారుపతకము లిచ్చుచున్నది. దాతల ఔదార్యము కొనియాడదగినదే. కాని ఈ యేటినుండి ఆ ధనములో సగమును పరీక్షనాళికలకును, లిట్మసుకాగితములకును, ఒక త్రాసునకును వినియోగింపవలెననియు, పగిలినవానికి విద్యార్థులయొద్ద మూల్యము తీసికొనరాదనియు తీర్మానమును ఈ సభయెదుట నుంచుచున్నాను. తీర్మానము నెగ్గినను వీగినను, నా యొక నెల పింఛనును ఇందుకై కోశాధికారిగారి చేతికి ఇప్పుడే యిచ్చుచున్నాను.