పాత తుపాకికి తగిన తూటా

పల్నాటి సీమలో తుపాకి గల యిండ్లు నేటికిని కొన్ని కనబడును. సత్తెనపల్లికిని పిడుగురాళ్లకును నడుమ నున్న రాజుపాలెము ప్రాంతమున వరి, మిరప, ప్రత్తి ప్రధానమైన పంటలు. అడవిపందుల బెడద నుండి పైరును కాచుకొనుటకో, యింటి రక్షణకో తాతల నాడు కొన్న జంట గొట్టముల తుపాకి, వారసుని పేర లైసెన్సు మారి, అదే గోడకు నిలిచి యుండును. విజయదశమి నాడు దానికి కుంకుమబొట్టు పెట్టి పూజింతురు. పూజ మంచిదే. కాని పూజించినంత మాత్రమున పాతబడిన గొట్టము బలపడదు. అందులో నెట్టి తూటా నుంచవలెనో తెలిసికొనుట యజమాని బాధ్యత.

తూటాలోని చిన్నగుండ్లు సామాన్యముగా సీసపువి. సీసము మన సీమకు పరాయి లోహము కాదు. వినుకొండ దాపున బండలమొట్టు గనిలో హిందూస్థాన్ జింక్ సంస్థవారు సీసపు ఖనిజమును త్రవ్విరి. ఈ లోహము బరువైనది, మెత్తనిది, చౌకయైనది. తుపాకి గుండునకు కావలసిన గుణము లివియే. దీని దోష మొక్కటే: ఇది విషము.

ఒక తూటాలో రెండువందలకు పైగా గుండ్లుండవచ్చును. లక్ష్యమునకు తగులునవి కొన్నియే. తక్కినవి నేలను, చెరువు గట్లను, నీటిలోను పడును. పక్షులకు పండ్లు లేవు గనుక గింజలను నలుగగొట్టుకొనుటకై చిన్నరాళ్లను మ్రింగును. అవి యనుకొని సీసపు గుండ్లను మ్రింగినచో, కడుపులోని రాపిడికిని, ఆమ్లమునకును సీసము కరగి రక్తములో కలియును. పక్షి రెక్కలాడింపలేక, మేతకు పోలేక కృశించి చచ్చును. అందువలన అమెరికాలో 1991 నుండి నీటిపక్షుల వేటకు సీసపు గుండ్లను నిషేధించిరి. డెన్మార్కు 1996లో సీసపు గుండ్ల వాడుకనే పూర్తిగా మాన్పించెను. ఐరోపా సమాఖ్యలో చిత్తడి నేలల యందు 2023 ఫిబ్రవరి నుండి ఈ నిషేధ మమలులోనికి వచ్చెను. గుంటూరు చెంత ఉప్పలపాడు చెరువులలో గూడబాతులను, ఎఱ్ఱకాళ్ల కొంగలను చూచి వచ్చినవారికి ఈ జాగ్రత్త యేల యని వేరుగ చెప్పనక్కర లేదు.

సీసము చెడ్డదని విన్నంతనే, దానిని మాని ఉక్కు గుండ్ల తూటా వాడుదమని తోచుట సహజము. పాత తుపాకి విషయమున అపాయ మిచ్చటనే యున్నది. సీసపు గుండు మెత్తనిది గనుక గొట్టపు చివర నుండు ఇరుకులో, అనగా చోకులో, నలిగి, సర్దుకొని వెలికి వచ్చును. ఉక్కు గుండు నలుగదు. గుండ్లన్నియు ఒక్కమారుగ ఆ యిరుకును త్రోసినపుడు గొట్టపు చివర ఉంగరమువలె ఉబ్బును. జంట గొట్టములను కలిపిన అతుకు వీడవచ్చును. పూర్వపు తుపాకులలో పెక్కింటికి ఎడమ గొట్టము పూర్తి చోకుతో నుండును. అందు ఉక్కు గుండ్లు పనికిరావు. పెద్ద గుండ్ల విషయమున ఈ హెచ్చరిక మరింత వర్తించును.

ఉక్కు తూటాలలో రెండు తరగతులు గలవు. సామాన్యమైన దానికి ఐరోపా ప్రమాణముల ప్రకారము 12 బోరులో ఒత్తిడి 740 బార్లు మించరాదు. అధిక శక్తి గలదానికి 1050 బార్ల వరకు పోవచ్చును. ఈ రెండవది ప్రత్యేక పరీక్షకు నిలిచిన తుపాకికే తగును. అట్టి తుపాకి గొట్టముపై లిల్లీ పుష్పపు ముద్ర యుండును. తాతల నాటి తుపాకిపై ఆ ముద్రను వెదకుట వ్యర్థము.

మరి పాత తుపాకికి సీసమునకు బదులేది? బిస్మతు అను లోహము. నీటితో పోల్చినచో సీసము 11 రెట్లకు పైగా బరువు, ఉక్కు 8 రెట్లకు కొంచెము తక్కువ, తగరము కలిపిన బిస్మతు గుండు సుమారు 9½ రెట్లు. ఇది ఉక్కువలె గొట్టమును గీయదు, చోకును చీల్చదు. విషమును కాదు, దీని లవణములను కడుపు మందులలో సయితము వాడుదురు. టంగుస్టను పొడిని మెత్తని పదార్థములో కలిపి చేసిన గుండ్లును పాత గొట్టమునకు హాని చేయవు. టంగుస్టనుతోనే చేసిన గట్టి గుండ్లు మాత్రము ఉక్కుకంటె కఠినములు. వానిని దరి చేరనీయరాదు. కాబట్టి టంగుస్టను అన్న పేరు చూచి కొనక, మెత్తనిదో గట్టిదో పెట్టెపై చదివి కొనవలెను. రెంటికిని వెల యధికము.

గుండ్ల సంగతి యిట్లుండగా, తూటా పొడవు మరొక సంగతి. 12 బోరనగా, ఆ గొట్టమున పట్టు సీసపు ఉండలు పన్నెండు కలిసి ఒక పౌను తూగునని అర్థము. గొట్టపు వెడల్పు దాదాపు 18½ మిల్లీమీటర్లు. తూటా నుంచు అరను చాంబరందురు. పూర్వపు ఇంగ్లీషు తుపాకులలో పెక్కింటి చాంబరు పొడవు 65 మిల్లీమీటర్లు. తరువాతి వానిది 70. తూటాపై వ్రాసిన పొడవు అది ప్రేలి మూతి విచ్చుకొన్న పిదపటి పొడవు. మూతి మడిచియున్న 70 మిల్లీమీటర్ల తూటా 65 చాంబరులో చక్కగా దూరును. ప్రేలునపుడు విచ్చుకొనుటకు చోటు చాలక ఒత్తిడి పెరుగును. దూరినది గదా యని సరిపోయినదని తలపరాదు. 20 బోరు తూటాను 12 బోరు తూటాలతో ఒకే సంచిలో నుంచుటయు ప్రాణాంతకము. అది 12 బోరు గొట్టములోనికి జారి నడుమ చిక్కుకొనును. వెనుక వేరొక తూటా నుంచి పేల్చినచో గొట్టము పగిలి చేయి పోవును.

తుపాకి వయస్సును దాని ముద్రలే చెప్పును. గొట్టము అడుగున నున్న ప్రూఫు ముద్రలను భూతద్దముతో చూడుడు. పొగలేని మందునకు పరీక్షింపబడినదో, నల్లమందునకు మాత్రమో అందు తెలియును. గొట్టముపై మెలికలు తిరిగిన చారలు కనబడినచో అది ఇనుమును ఉక్కును పేని చేసిన డమాస్కసు గొట్టము కావచ్చును. చూచుటకు పట్టుచీర అంచువలె నుండును. కాని లోపల త్రుప్పు పట్టి యుండవచ్చును. అట్టిదానిని నిపుణుడు కొలిచి చెప్పువరకు పేల్చరాదు. మూతి నుండి మందు కూరు నాటు తుపాకిలో పొగలేని మందు ససేమిరా పోయరాదు. ఎన్నికల వేళ ఠాణాలో అప్పగించి నెలల పిదప తెచ్చుకొన్న తుపాకిని మొదట రెండు గొట్టములును ఖాళీ యని నిర్ధారించుకొని, పిదప వెలుతురున కెత్తి లోపల సాలెగూడుగాని, త్రుప్పుగాని లేదని చూచుకొనవలెను.

మన అంగళ్లలో సామాన్యముగా లభించునది సీసపు తూటాయే. విదేశపు తూటాలను తెప్పించుటకు ప్రభుత్వపు అనుమతి కావలెను. బిస్మతు దొరకనినాడు ఉక్కుతో సాహసింపక, చాంబరు పొడవునకు తగిన తేలిక సీసపు తూటాతోనే సరిపెట్టుకొని, చెరువుల చెంత, పశువులు మేయు చోట, పిల్లలు తిరుగు దొడ్లలో పేల్చకుండుట మేలు. తుపాకి తుడిచిన చేతులు కడుగుకొనక అన్నము ముట్టరాదు. పంటరక్షణ లైసెన్సు వేటకు అనుమతి కాదని మరువరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, పైరు పాడుచేయు అడవిపందిని చంపుటకు సయితము అధికారుల ఉత్తరువు కావలెను.

తుపాకిని బట్టి తూటా నెన్నుకొనవలెను గాని, దొరికిన తూటాను బట్టి తుపాకిని పరీక్షింపరాదు. చాంబరు పొడవు, ప్రూఫు ముద్ర, చోకు ఇరుకు — ఈ మూడును తెలియని తుపాకి ఎంత గొప్పవంశపుదైనను గోడకుండుటయే క్షేమము. చెరువున వ్రాలు కొంగయు, ట్రిగ్గరుపై వ్రేలుంచు మనుష్యుడును సుఖముగ నుండవలె నన్నచో ఈ కొద్దిపాటి విచారణ చాలును.